కొండవాగు జెల్ల పేరు
(సుందర్‌లాల్ హోరా స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాసం సుందర్‌లాల్ హోరా గారి స్మృతికి అంకితం. ఆయన 1896లో పంజాబులోని హఫీజాబాద్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. కళాశాల చదువు లాహోర్‌లో. జువాలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు మొదటి డైరెక్టరైన నెల్సన్ అనండేల్ 1919లో లాహోర్ వెళ్ళినప్పుడు ఈ యువకుడిని చూసి కలకత్తాకు రప్పించుకున్నారు. హోరా గారు 1947లో అదే సంస్థకు డైరెక్టరయ్యారు. 1955 డిసెంబరులో కన్నుమూసేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు.

ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడే మణిపూర్ కొండలకు వెళ్ళి చేపలు సేకరించారు. ఉరవడి నీళ్ళలో బతికే చేపల శరీరాలు ఎలా మారతాయో 1922లో రాశారు. ఆ జీవులు రాళ్ళను కరచుకునే అవయవాల మీద ఆయన రాసిన పెద్ద వ్యాసం 1930లో లండన్ రాయల్ సొసైటీ సంచికలో వచ్చింది. చివరి ఏళ్ళలో పాత సంస్కృత గ్రంథాల్లో చేపల సంగతులు వెతికారు. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడి 'మానసోల్లాసం'లో చేపల వేట మీద ఉన్న భాగాన్ని శాస్త్రజ్ఞుడి కళ్ళతో చదివి వ్యాఖ్యానించారు. చేపలను పొలుసులున్నవి, లేనివి, సముద్రంలోవి, నదిలోవి అని ఆ రాజు వేరుచేసిన తీరు ఆయనకు ఎంతో నచ్చింది. మన దక్కను నేల మీద తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒకరు చేపను అంత శ్రద్ధగా చూశారని శాస్త్రలోకానికి చెప్పినవారు హోరా గారు.

ఆయన చూపంతా ప్రధానంగా చిన్న చేపల మీదే ఉండేది. బజారులో ధర పలకనివి, కూరకు చాలనివి. అలాంటి ఒక చేపనే ఈరోజు మీ ముందు పెడుతున్నాను. హిమాలయాల దిగువ కొండల్లో, ఈశాన్య రాష్ట్రాల వాగుల్లో రాళ్ళ సందున ఉండే వేలెడంత జెల్ల అది. దాన్ని గుర్తుపట్టడమెలా అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని నడుస్తాను. నా వాదన ముందే చెప్పేస్తాను: ఎంత నిపుణుడికైనా చేప ఒక్కదాన్ని చూసి పేరు చెప్పడం సాధ్యం కాదు. ఆ పేరు మొదట ఏ చేపకు పెట్టారో తెలియాలి, చేతిలో ఉన్న చేప ఏ నీళ్ళదో తెలియాలి. ఈ రెండూ లేకుండా రాసిన పేరు, పుస్తకంలో అచ్చయినా సరే, ఊహే.

1

ముందు చేప సంగతి చూద్దాం.

జెల్ల అనగానే మనకు ఒక రూపం మనసులో ఉంటుంది. పొలుసులు లేని నున్నటి ఒళ్ళు, నోటి చుట్టూ మీసాలు, పట్టుకోబోతే గుచ్చే ముల్లు. గోదావరి, కృష్ణ చెరువుల దగ్గర పెరిగినవారికి జెల్లలు, వాలుగలు, ఇంగిలాయిలు కొత్తేమీ కాదు. కొండవాగు జెల్లలు కూడా ఆ పెద్ద గణంలోవే. వీటిలో చాలా వాటిని శాస్త్రజ్ఞులు సిసోరిడే అనే కుటుంబంలో చేర్చారు. మన పెద్ద నదుల్లో మనిషంత పొడవుకు దగ్గరగా పెరిగే బగారియస్ కూడా ఆ కుటుంబానిదే. ఈరోజు మన చేప దానికి చిన్న చుట్టం.

వాట్సాప్‌లో ఫోటో పంపి "సార్, ఇదేం చేప?" అని అడిగే పిల్లలు నాకు చాలామంది ఉన్నారు. అడగడం మంచిదే, ఆ అలవాటు మానుకోకండి. కానీ ఆ ఫోటోలన్నీ పైనుంచి తీసినవే. గోధుమ రంగు వీపు, దాని మీద పాలిపోయిన చారలో మచ్చలో కనిపిస్తాయి. ఆ కొండల్లోని వాగు చేపల్లో సగానికి వీపు అలాగే ఉంటుంది. రాళ్ళలో రాయిలా కనబడకుండా ఉండాలి కాబట్టి వేర్వేరు కుటుంబాల చేపలు కూడా ఒకే రంగు వేసుకుంటాయి. పైగా పిల్ల చేపకు ఒక రంగు, పెద్దదానికి ఒక రంగు. ఫార్మలిన్‌లో వేస్తే ఉన్న రంగు కూడా పోతుంది. కాబట్టి మొదట చేయవలసిన పని చేపను తిరగేయడం.

పెట్రీ డిష్‌లో కాసిని నీళ్ళు పోసి, చేపను వెల్లకిలా పెట్టి, దీపం పక్కనుంచి పడేట్టు చూసుకోండి. లెన్స్ కింద గొంతుకు కొంచెం వెనగ్గా, రెండు ఛాతీ రెక్కల నడుమ, చర్మం ముడతలు ముడతలుగా ఉన్న ఒక చోటు కనిపిస్తుంది. సన్నటి గట్లు, వాటి మధ్య సన్నటి గాడులు. చెప్పు అడుగున గీతలు జారకుండా ఎలా పట్టిస్తాయో ఇవీ రాతి మీద అలాగే పట్టిస్తాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఆ గట్ల మీద కొమ్ము లాంటి గట్టి పదార్థంతో చేసిన అతి చిన్న మొనలు కనబడ్డాయి. వీటికి అంక్యులై అని 1982లో టైసన్ రాబర్ట్స్ పేరు పెట్టారు. చేప పొట్టను రాతికి ఆనించగానే మొనలు రాతి గరుకులో చిక్కుకుంటాయి. మీది నుంచి పారే నీరు చేపను ఇంకా కిందికి అదుముతుంది. ఈ పట్టులో ప్రధానమైనది ఒరపిడి.

ఆ గట్లు ఏ దిక్కున సాగుతున్నాయో చూడటంతోనే సగం పని అయిపోతుంది. తల నుంచి తోక వైపు నిలువుగానో ఏటవాలుగానో సాగితే అది గ్లిప్టోథొరాక్స్ ప్రజాతి. అడ్డంగా, నిచ్చెన మెట్ల వరసలో ఉంటే స్యూడెకెనిస్. ఛాతీ మీద ఏమీ లేకుండా ఛాతీ రెక్కలే దళసరిగా వెడల్పై, వాటి ముందంచు అడుగున మడతలుంటే ఎక్సోస్టోమా, దాని బంధువులు. మడతలేవీ లేకుండా, వీపు రెక్క దళసరి చర్మంలో దాదాపు కప్పబడిపోయి, కింది పెదవి వెనక రెండు పొరల మడత ఉంటే అది ఆంబ్లిసెప్స్, మన కుటుంబమే కాదు. ఛాతీ ముల్లుకు రెండు అంచులా బలమైన పళ్ళుండి, ఒళ్ళంతా మట్టి మచ్చలతో గరుకుగా ఉంటే ఎరెథిస్టెస్ వైపు చూడాలి. ఇంతవరకు ఒక శ్రద్ధగల బి.ఎస్సీ. విద్యార్థి ఒక్క పూటలో నేర్చుకోగలడు. నేర్పి చూశాను కాబట్టి చెబుతున్నాను.

కష్టం తర్వాత మొదలవుతుంది. గ్లిప్టోథొరాక్స్ అని తేలిందే అనుకుందాం. ఎడ్వర్డ్ బ్లైత్ 1860లో కలకత్తాలో ఏర్పరచిన ఈ ప్రజాతిలో ఇప్పుడు వందకు పైగా జాతులున్నాయి. పశ్చిమాన టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నుంచి తూర్పున చైనా, దక్షిణాన జావా దాకా అవి వ్యాపించి ఉన్నాయి. (విశాఖ తీరపు వారికి ఒక చిన్న ముచ్చట. అలెప్పో నగరపు నది చేపకు 1766లో లిన్నేయస్ పెట్టిన పేరే నేటి గ్లిప్టోథొరాక్స్ కౌస్. ఆ అలెప్పోలో వైద్యుడిగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ తర్వాత విశాఖపట్నం వచ్చి, ఇక్కడి రెండు వందల చేపలను బొమ్మలతో, తెలుగు పేర్లతో 1803లో అచ్చువేయించారు.) వందకు పైగా ఉన్న జాతుల్లో ఇదేది అని తేల్చాలంటే ఛాతీ మడతల మధ్యనున్న గుంట వెనకవైపు తెరుచుకుని ఉందా, మూసుకుని ఉందా చూడాలి. మడతలు గొంతు మీదికి పాకాయా? ఛాతీ ముల్లు అడుగున, పొత్తికడుపు రెక్క మొదటి కిరణం అడుగున కూడా గీతలున్నాయా? చర్మం నున్నగా ఉందా, గింజలు గింజలుగా ఉందా? తల వెనక నుంచి వచ్చే ఎముక మొన వీపు రెక్క ముందున్న పలకను తాకిందా, వాటి మధ్య ఎడముందా? ఈ చివరిది చర్మాన్ని వేలితో నొక్కినా తెలుస్తుంది, సందేహమైతే ఎక్స్‌రే తీయాలి. ఛాతీ ముల్లు వెనక అంచు మీద పళ్ళు లెక్కపెట్టాలి. తోక మొదలు ఎంత లావు, ఎంత పొడవు కొలవాలి. కొలత కాలిపర్‌తో, మిల్లీమీటరులో పదో వంతు వరకు, ముట్టె కొస నుంచి తోక రెక్క మొదలు దాకా ఉన్న పొడవులో శాతంగా చెప్పాలి.

ఇన్ని చూసినా ఒక్క చేపతో తేలదు. మగా ఆడా తేడా ఉంటుంది, వయసు తేడా ఉంటుంది, సీసాలో వంకర తిరిగినదానికి కొలతలు మారతాయి. కనీసం పది చేపలు, వీలైతే చిన్నా పెద్దా కలిపి ఉంటే తప్ప శాతాలకు అర్థం లేదు. అయినా తీయవలసినదానికన్నా ఒక్కటి ఎక్కువ తీయకండి. అడవి శాఖ అనుమతి లేకుండా అసలే తీయకండి.

2

ఇప్పుడు రెండో మెట్టు. చేపను ఎంత చక్కగా వర్ణించినా, ఆ వర్ణనను దేనితో పోల్చాలి?

గంగా మైదానపు చేపల శాస్త్రానికి పునాది ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ఎడిన్‌బరోలో అచ్చువేసిన పుస్తకం. గంగ, దాని ఉపనదుల చేపలు రెండు వందల అరవైకి పైగా అందులో ఉన్నాయి. ఈయనే ఫ్రాన్సిస్ బుకానన్. 1800లో మద్రాసు నుంచి మైసూరు మీదుగా మలబారు దాకా తిరిగి రాసినవారు, తర్వాత నేపాల్, బెంగాల్, బీహార్ తిరిగినవారు. మన కొండజెల్లల పేర్లలో చాలావాటికి ఆ పుస్తకమే మూలం: టెల్చిట్టా, కావియా, బోటియస్, కోంటా, హారా, మాంగోయిస్. అన్నిటినీ ఆయన పిమెలోడస్ అనే ఒకే గంపలో వేశారు. తర్వాతివారు వాటిని వేరుచేసి గ్లిప్టోథొరాక్స్‌లోకి, ఆంబ్లిసెప్స్‌లోకి, మిగతా ప్రజాతుల్లోకి పంచారు.

ఈ పుస్తకంతో ఇబ్బంది రెండు వైపులా ఉంది. హామిల్టన్ గారి వర్ణనలు ఆయన కాలానికి గొప్పవే. కానీ ఛాతీ మడతల గుంట వెనకవైపు తెరుచుకుందా లేదా అన్నది అప్పటికి ఎవరికీ తోచని ప్రశ్న. సరే, వర్ణన చాలకపోతే ఆయన చూసిన చేపను తీసి చూద్దామంటే ఆ చేపలు భద్రపరచి లేవు. ఇక మిగిలినవి బొమ్మలు. స్థానిక చిత్రకారుల చేత ఎంతో జాగ్రత్తగా వేయించినవి. 1815లో ఆయన స్వదేశానికి బయల్దేరుతుంటే ఆ బొమ్మలు కలకత్తాలోనే ఉండిపోవాలని గవర్నర్ జనరల్ ఆదేశించారు. పుస్తకంలో అచ్చయినవి 39 పలకలే. మిగతా చేపలకు మాటలు తప్ప రూపం లేదు.

హోరా గారి గొప్పతనం నాకు ఎక్కడ బాగా కనిపిస్తుందంటే ఇక్కడే. ఆయన కొత్త జాతులు ఎన్నో వర్ణించారు, ఆయన పేరు వాటి వెనక ఉంటుంది. కానీ 1929లో ఇండియన్ మ్యూజియం తరఫున ఆయన ప్రచురించిన ఒక పనిలో కొత్త జాతి పేరు వెతకనక్కర్లేదు. కలకత్తాలో ఉండిపోయిన హామిల్టన్ బొమ్మలను, చేతిరాత కాగితాలను దగ్గర పెట్టుకుని, పుస్తకంలో ఏ పేరు ఏ బొమ్మకు చెందుతుందో ఒక్కొక్కటిగా సరిచూశారు. వందేళ్ళ కిందట ఒకాయన ఏ చేపను చూసి ఏ పేరు పెట్టాడో తెలిస్తే తప్ప ఈనాటి చేపకు ఆ పేరు పెట్టే హక్కు లేదని ఆయన నమ్మారు. అలాంటి పనికి బిరుదులు రావు. ఆ తర్వాత గంగా చేపల మీద పనిచేసిన ప్రతివారూ దాని మీద నిలబడే పనిచేశారు.

ఈ క్రమంలో మరొక దెబ్బ తగిలింది. యుద్ధకాలంలో, 1942లో, జువాలాజికల్ సర్వే సేకరణలను కలకత్తా నుంచి కాశీకి తరలించారు. 1943లో అక్కడ వరుణా నదికి వచ్చిన వరద ఆ సీసాల్లోకి చేరింది. ఎన్నో నమూనాలు పాడయ్యాయి. నమూనా పోవడం అంటే ఒక సీసా పోవడం కాదు. ఆ చేప మీద ఆధారపడ్డ పేరుకు సాక్ష్యం పోవడం.

మూల నమూనా లేని పేరును మళ్ళీ నిలబెట్టడానికి వర్గీకరణ శాస్త్రంలో ఒక మార్గముంది. మొదట వర్ణించిన ప్రాంతానికే వెళ్ళి, అక్కడి చేపలను పట్టి, పాత వర్ణనతో, బొమ్మతో పోల్చి, ఈ పేరు వీటిదే అని తేల్చడం. సింగపూర్‌కు చెందిన హియాక్ హీ ఎన్‌జీ 2005లో గ్లిప్టోథొరాక్స్ బోటియస్ విషయంలో చేసింది ఈ తరహా పనే. టెల్చిట్టాతో కలిసిపోయిన బోటియస్ వేరే జాతి అని నిరూపించి, టెల్చిట్టా అంటే ఏదో కూడా స్పష్టం చేశారు. ఒక పేరు తేలితే పక్క పేరు కూడా తేలుతుంది.

3

మూడోది నీళ్ళు. నా దృష్టిలో ముఖ్యమైనది ఇదే, మన పాఠ్యపుస్తకాలు దాదాపు వదిలేసిందీ ఇదే.

కొండవాగు జెల్లకు వాగు దాటి వెళ్ళే దారి లేదు. దిగువన మైదానంలో బురద అడుగున్న వెచ్చటి నది ఉంటుంది, అక్కడ దాని ఛాతీ మడతలకు పట్టుకునే రాయి దొరకదు. ఎగువన వాగు సన్నబడి ఆగిపోతుంది. కాబట్టి పక్కపక్క కొండల్లోని రెండు వాగులు కూడా వేరే నదుల్లో కలిసేవైతే వాటి చేపలు వేల తరాలు కలుసుకోకుండా ఉండవచ్చు. జాతులు విడిపోవడానికి అంతకన్నా ఏం కావాలి?

మణిపూర్‌ను చూడండి. 1920లో హోరా గారు తిరిగిన నేల. మ్యాపులో అరచేతంత రాష్ట్రం. ఉత్తరపు కొండల్లో ఒక వాలున కురిసిన వాన బరాక్ నదిలోకి పోతుంది, అది పడమటికి తిరిగి మేఘనా మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. ఇంకో వాలున కురిసింది ఇంఫాల్ నదిలో పడి, మణిపూర్ లోయ దాటి, బర్మాలోని చింద్విన్‌లో, అక్కడి నుంచి ఐరావతిలో కలిసి అండమాన్ సముద్రం చేరుతుంది. రెండు వాలుల మధ్య ఒక శిఖరం, అంతే. బరాక్ నది మీది కరోంగ్ దగ్గర దొరికిన చేపను ఎ.జి.కె. మీనన్ 1955లో గ్లిప్టోథొరాక్స్ మణిపురెన్సిస్ అన్నారు. శిఖరానికి ఇవతల చింద్విన్ వైపు వాగుల నుంచి మణిపూర్ విశ్వవిద్యాలయానికి చెందిన విశ్వనాథ్, లింథోయింగాంబి 2006, 2007ల్లో నాలుగు కొత్త జాతులు వర్ణించారు: వెంట్రోలినియేటస్, గ్రాన్యులస్, న్గపాంగ్, చింద్వినికా. అంతకుముందు ఇవన్నీ పక్క దేశాల చేపల పేర్ల కింద, గంగా చేపల పేర్ల కింద జాబితాల్లో నలిగిపోయేవి.

నలిగిపోవడం అన్న మాట ఊరికే వాడలేదు. ఆంబ్లిసెప్స్ మాంగోయిస్ కథ చూడండి. హామిల్టన్ పెట్టిన ఈ ఒక్క పేరు గంగ నుంచి థాయ్‌లాండ్, లావోస్ దాకా ప్రతి వాగులోని చేపకూ అంటించారు. పొడవాటి ఒళ్ళు, చిన్న కళ్ళు, దళసరి చర్మం, అన్నీ ఒకేలా ఉన్నట్టు కనబడేవి. 2000లో ఎన్‌జీ, మారిస్ కొటెలా కలిసి ఇండోచైనా చేపలను వరసగా పరీక్షిస్తే ఐదు కొత్త జాతులు బయటపడ్డాయి. ఆ తర్వాత మణిపూర్, అరుణాచల్, ఉత్తర బెంగాల్ నుంచి ఇంకా వచ్చాయి. అంటే ఆ ఏళ్ళన్నీ ఆ పేరు కింద రాసిన గుడ్ల లెక్కలు, ఆహారపు లెక్కలు, కాలుష్యపు లెక్కలు అన్నీ ఏ జాతివో ఇప్పుడు చెప్పడం కష్టం.

ఒక మినహాయింపు కూడా చెప్పాలి, లేకపోతే మీరు తర్వాత ఎక్కడో చదివి నన్ను నిలదీస్తారు. నీటి సరిహద్దులు శాశ్వతం కావు. ఒక నది ఎగువ కొమ్మ కోసుకుంటూ వెనక్కి జరిగి పక్క నది కొమ్మను తనలోకి లాగేసుకోవడం కొండల్లో జరుగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు చేపలు సరిహద్దు దాటతాయి. కాబట్టి ఏ నది అన్నది తీర్పు కాదు, బలమైన సాక్ష్యం. నది వేరైతే పేరు వేరేమోనని అనుమానించాలి, తర్వాత చేపను చూసి నిర్ధారించాలి. ఈ వరస తలకిందులైతే తప్పుదారి పడతాం.

4

"ఇప్పుడు డీఎన్‌ఏ ఉంది కదండీ, ఇంత శ్రమ ఎందుకు?" అని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న.

చేపల బార్‌కోడింగ్‌లో మైటోకాండ్రియాలోని ఒక జన్యువు నుంచి సుమారు 650 అక్షరాల ముక్కను చదివి, ప్రపంచపు భాండారంలో ఉన్నవాటితో పోలుస్తారు. గొప్ప సాధనం. పిల్ల చేపకైనా, ముక్కలైన చేపకైనా పనికొస్తుంది. కానీ భాండారంలో ఆ అక్షరాల పక్కన రాసిన పేరు ఎవరో ఒకరు చేపను చూసి రాసిందే. ఆయన టెల్చిట్టాను బోటియస్ అనుకుని ఉంటే యంత్రం ఆ పొరపాటునే మనకు తిరిగి అప్పజెబుతుంది, అదీ నూటికి 99 వంతులు సరిపోయిందన్న ధీమాతో. ఆ చేప ఎక్కడి సీసాలో ఉందో రాసి ఉంటేనే వెళ్ళి సరిచూసుకోగలం. కాబట్టి డీఎన్‌ఏ పాత పద్ధతికి బదులు రాదు, పక్కన నిలుస్తుంది.

5

ఒక చిన్న చేప పేరు మీద ఇంత పట్టుదల దేనికని మీలో కొందరికి అనిపించవచ్చు. హోరా గారి జీవితంలోనే జవాబుంది.

పశ్చిమ కనుమల వాగుల్లోని కొన్ని చేపలకు దగ్గరి బంధువులు ఈశాన్య భారతంలో, మలయాలో ఉన్నాయి. మధ్యలో వేల కిలోమీటర్ల పొడి నేల. అవి ఎలా వచ్చాయి? ఒకప్పుడు వింధ్య-సాత్పుడా కొండల వరస ఎత్తుగా, తడిగా, అస్సాం కొండలతో కలిసి ఉండి, ఆ వరస వెంట వాగు చేపలు పడమటికి వచ్చాయని హోరా గారు ప్రతిపాదించారు. దీన్నే సాత్పుడా సిద్ధాంతం అంటారు. 1949లో దాని మీద ఒక చర్చాగోష్ఠి కూడా జరిగింది. జన్యు ఆధారాలు వచ్చాక ఆ సిద్ధాంతాన్ని ఈ రోజు చాలామంది పూర్తిగా అంగీకరించరు. కానీ ఒకటి గమనించండి. అది నిలబడినా, పడిపోయినా ఆధారం ఒక్కటే: ఇక్కడి చేప, అక్కడి చేప నిజంగా దగ్గరి బంధువులా కాదా. అంటే ఛాతీ మడతలు, ముల్లు మీది పళ్ళు. ఒక ఉపఖండపు భూచరిత్ర మీద వాదన వేలెడంత చేప పొట్ట మీద ఆధారపడి సాగింది.

దక్కనులో కూడా ఈ ప్రజాతికి జాతులున్నాయి, వాటికీ ఆయనకూ సంబంధముంది. విలియం సైక్స్ 1839లో దక్కను నుంచి గ్లిప్టోథొరాక్స్ లోనాను వర్ణించారు. తర్వాత హోరా గారు 1938లో కృష్ణ ఎగువ ఉపనదుల చేపలను పరిశీలించి రెండింటిని వేరుచేశారు. పుణె దగ్గరి దాన్ని పూనాఎన్సిస్ అన్నారు. సతారా వైపు యెన్నా నది దాన్ని, బ్రిటిష్ మ్యూజియంలో చేపల శాస్త్రవేత్త అయిన ఎథెల్విన్ ట్రెవావస్ గౌరవార్థం ట్రెవావసే అన్నారు. శ్రీశైలం, విజయవాడ మీదుగా మన ముందు నుంచి పారే కృష్ణ నీరు మొదట ఆ చేపల ఛాతీల కింద నుంచి వచ్చిందే. ఈ రెండూ ఇప్పుడు ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో ముప్పున్న జాతులుగా నమోదయ్యాయి. కారణాలు మనకు తెలిసినవే. నగరాల మురుగు, ఆనకట్టలు, వాగు అడుగు నుంచి ఇసుక, గుండ్రాళ్ళు తవ్వుకుపోవడం. రాళ్ళ మీద మెత్తటి బురద పొర పేరుకుంటే ఛాతీ మడతకు పట్టు ఉండదు. ఈ రెండింటినీ ఆయన వేరుచేయకపోయి ఉంటే, అన్నీ లోనా అనే ఒకే జాతి కింద ఉండిపోయేవి. దక్కను అంతటా ఉన్న చేపకు ఒక నదిలో లేకుంటే ఏం పోయిందిలే అని లెక్కలో వదిలేసేవాళ్ళం. పేరు లేని ప్రాణిని ఏ జాబితా కాపాడదు. కాబట్టి వర్గీకరణ పని పరిరక్షణ పనే అని నేను గట్టిగా నమ్ముతాను.

చివరగా ఈ సభలో ఉన్న అధ్యాపకులకు, విద్యార్థులకు నా అభ్యర్థన.

మన తూర్పు కనుమల్లో గోస్తని, శారద, నాగావళి, మాచ్‌ఖండ్, సీలేరు, శబరి ఎగువ వాగులున్నాయి. వాటిలో చాలావాటి మీద ఇప్పటికే ఆనకట్టలున్నాయి, ఇంకా ప్రణాళికలున్నాయి. ఆ వాగుల్లోని చిన్న చేపలను ఇప్పుడే, శ్రద్ధగా చూడాలి. అనుమతి తీసుకుని వెళ్ళండి. ఆ కొండల్లో ఉండే గిరిజనులను అడగండి, ఏ రాయి కింద ఏ చేప ఉంటుందో వారికి తెలిసినట్టు మనకు తెలియదు. వాళ్ళు చెప్పే పేరును వాళ్ళు పలికినట్టే రాసుకోండి. చేపను ఫార్మలిన్‌లో వేసే ముందే రెక్క నుంచి చిన్న ముక్క కత్తిరించి వేరే గొట్టంలో 95 శాతం ఆల్కహాల్‌లో ఉంచండి, ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. బతికి ఉండగానే పక్కనుంచి, పైనుంచి, పొట్ట వైపు నుంచి మూడు ఫోటోలు తీయండి.

అన్నిటికన్నా ముఖ్యం లేబుల్. మన కళాశాలల ప్రయోగశాలల్లో బీరువాల నిండా సీసాలున్నాయి. చాలావాటి మీద చేప పేరు మాత్రమే ఉంటుంది. అదీ అట్టమీద రాసి బయట అంటించింది, జిగురు ఊడి సగం రాలిపోయింది. పేరు ఎప్పుడైనా సరిదిద్దుకోవచ్చు. ఏ వాగు, ఏ ఊరి దగ్గర, ఏ తేదీ, ఎవరు పట్టారు అన్నది ఒకసారి పోతే ఎవరూ తిరిగి తేలేరు. కాబట్టి దళసరి కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి, చేప పక్కనే, బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. వచ్చే సెలవుల్లో మీ కళాశాల బీరువా తెరిచి, పాత రిజిస్టర్లు దగ్గర పెట్టుకుని, ఊరి పేరు ఇంకా తెలిసే ప్రతి సీసాలోకీ అలాంటి కాగితం ఒకటి వేయమని మిమ్మల్ని అడుగుతున్నాను. రిటైరైన మాస్టార్లు ఇంకా ఉన్నప్పుడే అడిగి రాసుకోండి.